వరద తగ్గిన తరువాత ఇల్లు: 1908 మూసీ వరద, నివాసాల పునరుద్ధరణ చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 1908 మూసీ వరదకు కారణాలను, దాని పరిణామాలను వివరించగలుగుతారు.
• వరద నీరు వివిధ రకాల ఇళ్లను ఏ విధంగా దెబ్బతీస్తుందో తెలుసుకుంటారు.
• ఇంటి పునరుద్ధరణలో కుటుంబం, వృత్తిదారులు, ప్రభుత్వం నిర్వహించిన పాత్రలను వేరుచేసి చూపగలుగుతారు.
• దెబ్బతిన్న ఇంటిని ఒక చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో గ్రహిస్తారు.

7.1 పరిచయం

మూసీ వరద గురించి ప్రశ్న ఇస్తే మన విద్యార్థులు చక్కగానే సమాధానం రాస్తారు. ఎంత వాన కురిసింది, ఎంతమంది మరణించారు, విశ్వేశ్వరయ్య ఏ సూచనలు చేశారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఎప్పుడు పూర్తయ్యాయి అనే అంశాలు వరుసగా వస్తాయి. ఇవన్నీ అవసరమైన విషయాలే. అయితే వీటిలో నది ఉంది, ప్రభువు ఉన్నాడు, ఇంజనీరు ఉన్నాడు. ఇల్లు మాత్రం కనిపించదు. కూలిన ఇళ్ల సంఖ్యగా ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది.

నదికి వరద రెండు మూడు రోజుల సంఘటన. ఇంటికి అలా కాదు. నీరు తగ్గిన రోజున ఇంట్లో అసలు పని మొదలవుతుంది. బురద ఎత్తిపోయాలి, బావి తోడించాలి, గోడలు నిలుస్తాయో లేదో చూసుకోవాలి, తడిసిన ధాన్యంలో మిగిలినదేదో ఏరుకోవాలి. ఈ పని నెలల తరబడి సాగుతుంది. దీన్ని చేసినవారి పేర్లు రికార్డులలో ఉండవు. ఈ పాఠంలో మనం మూడు ప్రశ్నలకు సమాధానం వెదుకుదాం. ఒకటి, నీరు ఇంటిని ఏం చేస్తుంది? రెండు, ఆ ఇంటిని తిరిగి నిలబెట్టినది ఎవరు, ఏ సామగ్రితో? మూడు, ఇల్లు బాగుపడిన తరువాత అందులోకి తిరిగి రాగలిగినవారు ఎవరు? మూడవ ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. ఈ నాటికీ దాని అవసరం తీరలేదు.

7.2 1908 మూసీ వరద: కారణాలు, పరిణామాలు

మూసీ నది నేటి వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నదికి దక్షిణపు ఒడ్డున హైదరాబాద్ నగరాన్ని నెలకొల్పాడు. కాలక్రమంలో నగరం ఉత్తరపు ఒడ్డుకు కూడా విస్తరించింది. 1901 జనాభా లెక్కల నాటికి నగర జనాభా నాలుగున్నర లక్షలకు చేరువలో ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం సన్నని పాయగా ప్రవహించే నది కావడం వల్ల జనం ఒడ్డుకు దగ్గరగా, చాలాచోట్ల ఒడ్డుమీదనే ఇళ్లు కట్టుకున్నారు.

1908 సెప్టెంబర్ 27, 28 తేదీలలో నగరానికి ఎగువన కుండపోత వర్షం కురిసింది. శంషాబాద్‌లో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు వాన పడినట్లు నమోదయింది. అయితే ఇంత నష్టానికి వాన ఒక్కటే కారణం కాదు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవని, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని విశ్వేశ్వరయ్య తన పరిశీలనలో పేర్కొన్నారు. గొలుసుకట్టు చెరువులలో పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. అది కూడా తెగితే రెండింటి నీరు కలిసి మూడవ దాని మీద పడుతుంది. ఈ విధంగా కూడిన నీరు సెప్టెంబర్ 28, సోమవారం నాడు నగరం మీద పడింది. ప్రవాహం గరిష్ఠంగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు ఉన్నట్లు అంచనా వేశారు.

అఫ్జల్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచింది. ఒడ్డున ఉన్న కోల్సావాడి వంటి బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రతీతి. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ప్రముఖ ఉర్దూ రుబాయీ కవి అమ్జద్ హైదరాబాదీ ఈ వరదలో తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయి ఒక్కడే మిగిలాడు. సుమారు 15,000 మంది మరణించారని, 19,000 ఇళ్లు కూలాయని, 80,000 మంది నిలువనీడ కోల్పోయారని సాధారణంగా చెప్పే అంకెలు. ఇవి అంచనాలు అన్న సంగతి విద్యార్థి మరవకూడదు. ఉర్దూలో ఈ వరదకు 'తుగ్యానీ సితంబర్' అనే పేరు స్థిరపడింది.

అప్పటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్. బాధితుల కోసం అన్నసత్రాలు తెరిచారు. ప్రభుత్వ భవనాలలో, రాజప్రాసాదాలలో ఆశ్రయం కల్పించారు. ఆకలికి, నిలువనీడకు ఇది తక్షణ సమాధానం. ఇంటి సంగతి ఆ తరువాత మొదలైంది.

7.3 నీరు ఇంటిని ఏం చేస్తుంది?

19,000 ఇళ్లు ఒక్క ప్రవాహం తాకిడికే కూలిపోయాయని అనుకోవడం సరికాదు. వరదలో ఇళ్లు రెండు రకాలుగా పోతాయి. ప్రవాహం ఎదురుగా ఉన్నవి దాని తాకిడికి పోతాయి. పక్క వీధులలో నీరు కదలకుండా నిలిచిన చోట ఇళ్లు నానిపోతాయి. వీటిలో కొన్ని నీరు తగ్గిన తరువాత కూలుతాయి. ఈ తేడా అర్థం కావాలంటే ఇల్లు దేనితో కట్టారో చూడాలి.

(అ) మట్టి ఇల్లు: ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో సామాన్యుల ఇళ్లు చాలావరకు మట్టిగోడలవి, లేదా పచ్చి ఇటుకలవి. మట్టిగోడ పొడిగా ఉన్నంతకాలం బరువును చక్కగా మోస్తుంది. ఎండకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంచుతుంది. గోడ మొదలు నీటిలో నానితే మట్టి రేణువుల మధ్య పట్టు సడలుతుంది. మొదలు మెత్తబడగా పైనున్న గోడ, కప్పు బరువు దానిమీద దిగుతుంది. గోడ కింది భాగం ఉబ్బి పక్కకు జారుతుంది. మిద్దె అయితే ప్రమాదం మరీ ఎక్కువ. దూలాలు, వాసాల మీద పరచిన మట్టికప్పు వాన నీటిని పీల్చి ఎప్పటికంటే బరువెక్కి ఉంటుంది. అంటే కింద బలం తగ్గిన సమయంలోనే పైన బరువు పెరుగుతుంది.

(ఆ) సున్నపు ఇల్లు: కలిగినవారి ఇళ్లను, దేవిడీలను రాయితోనో కాల్చిన ఇటుకతోనో డంగు సున్నంతో కట్టేవారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బితే వచ్చేది డంగు సున్నం. దీనిలో బెల్లపు నీరు, కరక్కాయ రసం కలపడం మన ప్రాంతపు పాత అలవాటు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడి తిరిగి సున్నపురాయి స్వభావానికి వస్తుంది. ఒకసారి గట్టిపడిన సున్నం మట్టిలాగా నీటిలో కరిగిపోదు. దానిలోని సన్నని రంధ్రాల ద్వారా చెమ్మ బయటికి ఆవిరవుతుంది. అందువల్ల సున్నపు గోడ తడిసినా చాలావరకు తిరిగి ఆరుతుంది.

ఈ రెండు రకాల ఇళ్లనూ పోల్చితే ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. వరద అందరి ఇళ్లలోకీ ఒకే ఎత్తున వచ్చినా నష్టం ఒకేలా ఉండదు. ఎవరి గోడ దేనితో కట్టారన్నది వారి ఆర్థిక స్థితిని బట్టి ఉంటుంది. కాబట్టి కూలిన ఇళ్ల లెక్క చదివేటప్పుడు అది నది ఎత్తుకు మాత్రమే కొలత అనుకోకూడదు, అప్పటి సామాజిక అంతరాలకు కూడా అది కొలతే.

(ఇ) ఉప్పు: నీరు పోయినా ఒకటి మిగులుతుంది. నేలలోని, గోడలోని లవణాలు నీటిలో కరిగి గోడ లోపలికి పాకుతాయి. ప్రమిదలో వత్తి నూనెను పైకి పీల్చినట్లే గోడ చెమ్మను పైకి పీల్చుతుంది. గోడ ఆరేటప్పుడు నీరు ఆవిరై, ఉప్పు పైపొర వద్ద తెల్లగా పేరుకుంటుంది. ఆ స్ఫటికాలు పెరిగేకొద్దీ పూత పొట్టులా రాలుతుంది. వరద వచ్చి వెళ్లిన ఏడాదికి కూడా గోడ అడుగుభాగం రాలుతూ ఉండటానికి ఇదే కారణం. సముద్రపు నీరు ఇళ్లలోకి వచ్చినప్పుడు ఈ బాధ ఇంకా ఎక్కువ. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి చదివేటప్పుడు ఈ అంశాన్ని గుర్తుంచుకోండి. అక్కడ నీటితోపాటు ఉప్పు కూడా నేలల్లోకి, బావుల్లోకి చేరింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. గొలుసుకట్టు చెరువులు తెగడం వరద తీవ్రతను ఎలా పెంచింది?
2. నీరు తగ్గిన తరువాత కూడా మట్టిగోడలు ఎందుకు కూలుతాయి?

7.4 ఇంటిలోపలి పునరుద్ధరణ: పని, పనివారు

మునిగిన ఇంటిని తిరిగి నివాసయోగ్యం చేయడంలో ఒక క్రమం ఉంది. సామగ్రి మారినా ఈ క్రమం నేటికీ పెద్దగా మారలేదు.

మొదటిది బురద. ఒండ్రు తడిగా ఉన్నప్పుడే తోసివేయాలి. ఎండిందంటే పెళ్లలు కట్టి, నేలతోపాటు పైకి లేస్తుంది. రెండవది నీరు. చేదబావిలోకి వీధి మురుగు చేరి ఉంటుంది. బావిని పూర్తిగా తోడించి, పూడిక తీయించి, నీటిని శుద్ధి చేసుకుంటేగాని తాగడానికి పనికిరాదు. వరద తరువాత వచ్చే విరేచనాలు, కలరా ఇళ్లను ఖాళీ చేయించిన సందర్భాలు చరిత్రలో అనేకం. మూడవది ఆరబెట్టడం. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. తడి గోడ మీద తొందరపడి కొత్త పూత పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, పూత ఊడివస్తుంది. నాలుగవది పూత. మట్టి నేలను పేడతో అలకడం, గోడలకు సున్నం కొట్టడం. సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి బూజు సులభంగా పెరగదు. పండుగకు ముందు చేసే పనే ఇక్కడ ఇంటికి చికిత్సగా మారింది.

ఈ పనులు ఎవరు చేశారు? అలకడం, తుడవడం, తడిసిన బట్టలు ఆరవేయడం, ధాన్యం ఎండబోయడం స్త్రీలు చేసే పనులు. తడిసిన వడ్లు రెండు మూడు రోజులలో మొలకెత్తుతాయి, ముక్కిపోతాయి. వాటిని వెంటనే ఎండబోసి దంచుకుంటే కొంతైనా దక్కుతుంది. ఏది దాచాలి, ఏది పారేయాలి అనే నిర్ణయం ఆ ఇంటి స్త్రీ తీసుకున్నదే. ఒక కుటుంబం ఆ ఏడాది తిండికి నిలబడిందా, అప్పుల పాలయిందా అన్నది కొంతవరకు ఆ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. కూలిన గోడలు ఎత్తడం, మట్టి తొక్కడం, రాయి కొట్టడం ఉప్పరి, వడ్డెర మొదలైన వృత్తి సముదాయాల నైపుణ్యం. ద్వారబంధాలు, దూలాలు సరిచేసేది వడ్రంగి. వరద తరువాత ఈ పనివారికి గిరాకీ పెరుగుతుంది, కానీ అదే సమయంలో వారి సొంత ఇళ్లు కూడా కూలి ఉంటాయి. ఇతరుల గోడలు ఎత్తి కూలి సంపాదించుకున్నాకే తమ గోడ సంగతి చూసుకోగలిగిన పరిస్థితి వారిది.

ఈ శ్రమ పరిపాలనా నివేదికలలో ఎందుకు కనిపించదు? నివేదిక అనేది ఖర్చు లెక్క చెప్పడానికి తయారయ్యే పత్రం. ఖజానా నుంచి వెళ్లిన ప్రతి రూపాయికి అందులో చోటుంటుంది. ఇంటి మనిషి చేసిన పనికి కూలి ఉండదు కాబట్టి దానికి పద్దు ఉండదు. చరిత్ర విద్యార్థి గమనించవలసిన సూత్రం ఇది: ఆధారంలో లేనంత మాత్రాన ఆ పని జరగలేదని కాదు. ఆ ఆధారాన్ని ఎవరు, ఏ అవసరం కోసం తయారు చేశారో ముందుగా అడగాలి.

7.5 ప్రభుత్వ పునరుద్ధరణ: ఇంటి నుంచి నగరానికి

నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ప్రత్యేక సలహాదారు ఇంజనీరుగా ఆహ్వానించింది. ఆయన వరద కారణాలను పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఉపనది ఈసీ మీద ఒకటి, మొత్తం రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. వరద నీటిని కొంతసేపు నిలిపి, నగరం తట్టుకోగల మేరకే విడుదల చేయడం వీటి ప్రధాన ఉద్దేశం. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇవి నగరానికి తాగునీటిని కూడా అందించాయి. నది ఒడ్లను కట్టుదిట్టం చేయడం, భూగర్భ మురుగుకాలువలు వేయడం ఆయన ఇతర సూచనలు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, పేదలకు గాలి, వెలుతురు ఉన్న ఇళ్లు కట్టించడం, పార్కులు వేయడం దాని బాధ్యతలు. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల సముదాయం ఈ బోర్డు కృషికి నేటికీ కనిపించే గుర్తు. ఒడ్డునే హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజి వంటి గంభీరమైన భవనాలు వెలిశాయి.

ఈ కృషి గొప్పది. జలాశయాలు నగరాన్ని తరతరాలుగా కాపాడాయి. ఆ మాట స్పష్టంగా చెప్పిన తరువాతనే రెండవ మాట చెప్పాలి. కూలిన ఇంటిని తిరిగి కట్టించడం, కూలిన బస్తీ చోటును మరో అవసరానికి వాడుకోవడం రెండూ 'పునరుద్ధరణ' అనే ఒకే పేరుతో పిలవబడ్డాయి. మొదటిదానిలో కుటుంబం తన చోటికి తిరిగి వస్తుంది. రెండవదానిలో నగరం బాగుపడుతుంది గాని ఆ కుటుంబం వేరే చోటికి పోతుంది. ఒడ్డు నుంచి దూరంగా వెళ్లడం భద్రత దృష్ట్యా మేలే కావచ్చు. కానీ ఒడ్డున ఉండే చాకలికి నది జీవనాధారం. కూరగాయలు పండించేవారికి ఆ తేమ నేలే పొలం. ఇల్లు అంటే గోడలు మాత్రమే అనుకుంటే కొత్త ఇల్లు పాతదానికి సరిపోతుంది. ఇల్లు అంటే బతుకుతెరువుకు దగ్గరగా ఉన్న చోటు అనుకుంటే సరిపోదు. మూసీ ఒడ్డు నివాసాల గురించి ఇప్పటికీ సాగుతున్న చర్చకు మూలం ఈ రెండు అర్థాల మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

7.6 సిమెంటు కాలంలో వరదలు: కొన్ని పోలికలు

ఇరవయ్యవ శతాబ్ది రెండవ సగంలో మన పట్టణాలలో మట్టి, సున్నం స్థానంలో సిమెంటు, ఇనుము వచ్చాయి. దీనితో వరద నష్టం స్వభావం మారింది.

2009 అక్టోబర్ మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగింది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల భారీ వర్షానికి హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు అనేకం నీటిలో చిక్కుకున్నాయి. 2024 సెప్టెంబర్ మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఈ సందర్భాలలో సిమెంటు ఇళ్లు చాలావరకు నిలిచే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఇంటికి ఏమీ కానట్లే ఉంటుంది. నష్టమంతా లోపల. పరుపులు, బియ్యం బస్తాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కుట్టుమిషన్, పిల్లల పుస్తకాలు, వీధిలో నిలిపిన ద్విచక్రవాహనం అన్నీ నీటిలో మునిగి ఉంటాయి. కరెంటు తీగలలోకి చెమ్మ చేరుతుంది కాబట్టి ఎలక్ట్రీషియన్ చూసేవరకు స్విచ్ వేయడం ప్రాణాంతకం. సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగులు వేసిన గోడలో చెమ్మ బయటికి పోయే దారి తక్కువ. అందుచేత రంగు బొబ్బలు కడుతుంది, లోపల బూజు పెరుగుతుంది. మట్టి ఇల్లు కూలి నష్టాన్ని చాటితే, సిమెంటు ఇల్లు నిలబడి దానిని దాచిపెడుతుంది.

ప్రభుత్వ సహాయపు రూపం కూడా దీన్నిబట్టి మారింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం పూర్తిగా కూలిన ఇంటికి రూ.1,00,000, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి రూ.50,000 ప్రకటించడంతోపాటు, నీటిలో మునిగిన ప్రతి కుటుంబానికి రూ.10,000 సాయం ప్రకటించింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో మునిగిన ఇళ్లకు అంతస్తును బట్టి సాయం నిర్ణయించింది. కింది అంతస్తు వారికి రూ.25,000, పై అంతస్తుల వారికి రూ.10,000 ప్రకటించింది. బురద కడగడానికి అగ్నిమాపక శకటాలను ఇళ్ల ముందుకు పంపింది. 1908 నాటి అన్నసత్రంతో దీనిని పోల్చి చూడండి. ఇంటి లోపలి శుభ్రత కూడా ప్రభుత్వ బాధ్యతలో భాగమన్న ఆలోచన ఈ మధ్యకాలంలో బలపడింది. ఇంటి మనిషి చేసే పనికి లెక్కలో కొంత చోటు దొరికింది.

అయితే సాయం అందాలంటే ఇల్లు ఎక్కడ ఉందో, అందులో ఎవరు ఉంటున్నారో రుజువు కావాలి. రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పుస్తకం, అద్దె ఒప్పందం, పిల్లల సర్టిఫికెట్లు సాధారణంగా ఒక ట్రంకుపెట్టెలోనో బీరువా కింది అరలోనో ఉంటాయి. వరద ముందుగా చేరేది అక్కడికే. నష్టాన్ని నిరూపించే కాగితమే నష్టంలో పోవడం ఆధునిక వరదలకున్న ప్రత్యేకత. తడిసిన కాగితాలను బలవంతంగా విడదీయకుండా, ఎండలో కాక నీడలో, గాలికి ఆరనివ్వడం మంచిది. వెంటనే ఆరబెట్టడం కుదరకపోతే చల్లని గడ్డకట్టే పెట్టెలో ఉంచితే బూజు పెరగడం ఆగుతుంది. 1966 నవంబర్ 4న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని ఆర్నో నది ముంచినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షలాది గ్రంథాలు తడిసిపోయాయి. వాటిని కాపాడే కృషి నుంచి తడిసిన గ్రంథాల సంరక్షణ ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. ఆ విద్యలోని మొదటి పాఠం మన గోడకూ, మన కాగితానికీ ఒకటే: తొందరపడకుండా ఆరబెట్టడం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. నగరాభివృద్ధి బోర్డు బాధ్యతలు ఏవి?
2. మట్టి ఇంటి నష్టానికి, సిమెంటు ఇంటి నష్టానికి తేడా ఏమిటి?

7.7 ఇంటిని ఆధారంగా చదవడం

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలని మీరు మొదటి పాఠాలలో చదివారు. వరద చూసిన ఇల్లు కూడా అటువంటి ఆధారమే. దాన్ని చదవడానికి నాలుగు గుర్తులు చూడండి.

మొదటిది నీటి గీత. గోడమీద మరకగా మిగిలిన గీత నీరు ఎంత ఎత్తున నిలిచిందో చెబుతుంది. నేలనుంచి దాని ఎత్తు కొలవండి. వీధిలో నాలుగైదు ఇళ్లలో కొలిస్తే ఏ ఇల్లు పల్లంలో ఉందో, ఎవరు పల్లంలో ఉన్నారో తెలుస్తుంది. అయితే గోడ పీల్చిన చెమ్మ వల్ల పైకి ఏర్పడిన మరకను నీటి గీతగా భ్రమపడకండి. చెమ్మ మరక అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, నీటి గీత సమంగా ఉంటుంది. రెండవది మరమ్మతు. కింద సిమెంటు, పైన పాత సున్నం ఉన్న గోడ తన కథ తానే చెబుతుంది. మూడవది ఎత్తు. వరద తరువాత ఎత్తు పెంచిన గుమ్మం, అరుగు, మార్చిన స్విచ్ బోర్డు ఆ కుటుంబం నేర్చుకున్న పాఠాన్ని చూపుతాయి. నాలుగవది వస్తువుల చోటు. అటక మీదికి చేరిన కాగితాల సంచి ఒక జ్ఞాపకానికి గుర్తు.

వీటికి మౌఖిక ఆధారాన్ని జోడించాలి. పెద్దవారిని 'నీరు ఎంత వచ్చింది?' అని మాత్రమే అడిగితే అంకె వస్తుంది. 'మొదట ఏం చేశారు? ఏది పారేయవలసి వచ్చింది? బురద ఎవరు ఎత్తారు? మళ్లీ పొయ్యి వెలిగించింది ఎన్నాళ్లకు?' అని అడిగితే చరిత్ర వస్తుంది. అడిగేది ఇంటి యజమానిని ఒక్కరినే కాకుండా ఇల్లాలిని, అద్దెకున్నవారిని, పనిమనిషిని కూడా అడగండి. ఒకే ఇంటి వరద వారికి ఒకేలా గుర్తుండదు. మీలో గోదావరి లంకలలో, కృష్ణా తీరంలో, మూసీ ఒడ్డున, బుడమేరు పక్కన ఉంటున్నవారు చాలామంది ఉంటారు. ఈ ఆధారాలు మీకు గ్రంథాలయంలో దొరకవు, మీ వీధిలోనే దొరుకుతాయి. గోడకు మళ్లీ రంగు వేసేలోగా సేకరించవలసినవి కూడా.

7.8 సారాంశం

1908 మూసీ వరదకు భారీ వర్షంతోపాటు గొలుసుకట్టు చెరువులు తెగడం, ఒడ్డున పెరిగిన జనావాసాలు కారణాలు. ఇళ్లు ఏ సామగ్రితో కట్టారన్నదానిని బట్టి నష్టం మారింది. అందువల్ల పేదల నష్టం ఎక్కువయింది. ఇంటి లోపలి పునరుద్ధరణ ప్రధానంగా స్త్రీల, వృత్తిదారుల శ్రమతో జరిగింది. కూలి లేని ఆ శ్రమ నివేదికలకు ఎక్కలేదు. ప్రభుత్వ పునరుద్ధరణ జలాశయాలుగా, కొత్త నగరంగా రూపొందింది. అది నగరాన్ని కాపాడింది. అయితే తిరిగి తమ చోటికి ఎవరు రాగలిగారనే ప్రశ్నను మిగిల్చింది. సిమెంటు ఇళ్ల కాలంలో గోడలు నిలుస్తున్నాయి, నష్టం ఇంటిలోపలికి, కాగితాలలోకి మారింది. ఈ చరిత్రను రాయడానికి ప్రభుత్వ పత్రాలతోపాటు ఇంటి గోడ, ఇంటి మనిషి మాట కూడా ఆధారాలే.

7.9 ముఖ్య పదాలు

గొలుసుకట్టు చెరువులు: ఒకదాని అలుగు నీరు మరొకదానికి చేరేలా వరుసగా నిర్మించిన చెరువులు.
డంగు సున్నం: సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి తయారు చేసే కట్టుబడి సామగ్రి.
పరీవాహక ప్రాంతం: ఏ నేల మీద పడిన వాన నీరు ఒక నదిలోకి చేరుతుందో ఆ మొత్తం ప్రాంతం.
నీటి గీత: వరద నిలిచిన ఎత్తును సూచిస్తూ గోడమీద మిగిలే మరక.
మౌఖిక ఆధారం: అనుభవం ఉన్న వ్యక్తుల నుంచి మాట రూపంలో సేకరించే చారిత్రక సమాచారం.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. 1908 మూసీ వరద కారణాలను, ప్రభుత్వం చేపట్టిన పునరుద్ధరణ చర్యలను వివరించి, వాటిని సమీక్షించండి.
2. 'వరద నష్టం నది ఎత్తుకే కాక సామాజిక అంతరాలకు కూడా కొలత' - చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఇంటి పునరుద్ధరణలో స్త్రీల శ్రమ ప్రభుత్వ నివేదికలలో కనిపించకపోవడానికి కారణాలు తెలపండి.
2. వరద తరువాత గోడలకు ఉప్పు పట్టడం ఎలా జరుగుతుంది?

III. క్షేత్ర అభ్యాసం
మీ ప్రాంతంలో వరద చూసిన ఒక ఇంటిని ఎంచుకోండి. నీటి గీతను, మరమ్మతులను గమనించి, ఆ ఇంటిలోని కనీసం ఇద్దరితో మాట్లాడి, రెండు పుటల నివేదిక తయారు చేయండి. వారి అనుమతి లేకుండా పేర్లు రాయవద్దు. ఆ ఇద్దరి మాటలలో ఎక్కడ తేడా వచ్చిందో దానిని సరిదిద్దకుండా ఉన్నది ఉన్నట్లు రాయండి. ఆ తేడాయే మీ నివేదికలో విలువైన భాగం.